చెరసాలలో తీరిక

జంషెడ్‌పూరు నగరానికి పదునెనిమిదవ శతాబ్ది లేదు. సువర్ణరేఖా నదిలో ఖర్కాయీ నది వచ్చి కలిసే చోట, సాక్‌చీ అనే పల్లె నేలమీద, ఉక్కు కర్మాగారానికి పునాదులు పడిన తరువాతనే ఆ నగరం పుట్టినది. టాటాల ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడినది. జంషెట్జీ పేరు ఊరికి 1919లో వచ్చినది. శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల నుండి పని వెదుక్కొంటూ అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలలో పెద్దలు ఊరి పుట్టుకను తమ వలసతోనే లెక్కపెట్టుకొనేవారు. అటువంటి ఊరిలో నిలిచి పదునెనిమిదవ శతాబ్దిని గురించి, అందునా ఆ శతాబ్దపు చెరసాలను గురించి మాట్లాడబోవటం వింతగా తోచవచ్చును.

అయితే నగరానికి లేని గతం నేలకు ఉంటుంది. ఆ నేల పేరు ధల్‌భూమ్. ఘాట్‌శిలా దానికి రాజస్థానము. అడవులు, కొండలు కోటగోడలుగా గల ఆ చిన్న రాజ్యం మీదికి 1767లో ఈస్టిండియా కంపెనీవారు మిదునాపురం నుండి ఫెర్గూసన్ అనే యువ సైనికాధికారిని పంపినారు. శిస్తు చెల్లించటానికి రాజు ఒప్పుకొనలేదు. దారులలో అడ్డంకులు వేయించి, దాడి తప్పదని తేలినప్పుడు తన కోటకు తానే నిప్పు పెట్టించినాడు. చివరకు పట్టుబడి, ఖైదీగా మిదునాపురానికి పంపబడినాడు. ఏటా 5,500 రూపాయల శిస్తు కట్టే ఒప్పందం మీద ఆయన మేనల్లుని వరుసవాడైన జగన్నాథ ధల్‌ను కంపెనీవారు గద్దె ఎక్కించినారు. చరిత్ర గ్రంథాలలో ఈ కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. శిస్తు అంకె మిగిలినది. రాజు చెరలోనికి వెళ్లిపోయినాడు.

చెర అనగానే చరిత్రకారుడు రెండు తేదీలను చూస్తాడు: లోపలికి పోయిన తేదీ, బయటికి వచ్చిన తేదీ. కాని ఖైదీకి ఆ రెండు తేదీల నడుమ ఉన్నదంతా జీవితమే. తెల్లవారటం, నీళ్లు పోసుకోవటం, వండుకోవటం, ఎవరితోనో మాట్లాడటం, పొద్దుపుచ్చటం, మళ్లీ చీకటిపడటం. ఈ మామూలు పనులకు చరిత్రలో చోటు ఎవరికి దొరికినది? పదునెనిమిదవ శతాబ్దపు చెరసాలను గురించి అడగవలసిన ప్రశ్నలలో ఇది చిన్నది కాదు.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈనాడు జైలు అనగానే మన మనస్సులో మెదిలే చిత్రం పందొమ్మిదవ శతాబ్దం తయారుచేసినది. గంట కొట్టగానే లేవటం, వరుసలో నిలబడటం, ఒకే రకపు బట్ట, కొలిచి పెట్టే కూడు, లెక్క ప్రకారం చాకిరీ, ఇవన్నీ తరువాత వచ్చినవి. పదునెనిమిదవ శతాబ్దపు చెరసాల చాలావరకు శిక్ష అనుభవించే చోటు కాదు, కాచుకొని ఉండే చోటు. విచారణ కోసం కాచుకొనేవాడు, ఉరికంబం కోసం కాచుకొనేవాడు, అప్పు తీరటం కోసం కాచుకొనేవాడు ఒకే ఆవరణలో ఉండేవారు. కాచుకొనేవానికి కాలం పుష్కలము. దానిని ఏమి చేసుకోవాలో చెప్పేవారు లేరు. కాలం మాత్రం ఇచ్చి, తక్కిన సమస్తాన్నీ ఖైదీ చేతనే కొనిపించే సంస్థ అది.

ఇంగ్లండులో దీని స్వరూపాన్ని మనకు కళ్లకు కట్టించినవాడు జాన్ హోవర్డ్. ఈయన 1773లో బెడ్‌ఫర్డ్ మండలానికి షెరిఫ్ అయి, తన అధీనంలోని జైలు చూడబోయి, తీర్పులో నిర్దోషులుగా తేలినవారు కూడా జైలరు రుసుము చెల్లించలేక లోపలనే ఉండిపోవటం చూచి దిగ్భ్రాంతి చెందినాడు. జైలరుకు జీతం లేదు. ఖైదీల రుసుములే ఆయన జీవనోపాధి. హోవర్డ్ దేశమంతటా తిరిగి చూచిన జైళ్ల వివరాలను 1777లో గ్రంథంగా ప్రకటించినాడు. లండనులోని ఫ్లీట్ జైలులో 1776 ఏప్రిల్ 6వ తేదీన ఆయన లెక్క ప్రకారం 243 మంది ఖైదీలు ఉన్నారు; వారితోపాటు లోపల కాపురమున్న భార్యలు, బిడ్డలు, ఇతర స్త్రీలు కలిసి 475 మంది. అంటే చెరసాలలో చెరలో లేనివారే ఎక్కువ.

ఆ ఆవరణలో ఖైదీలు బంతులాటలు, కొయ్యదిమ్మెలను పడగొట్టే ఆటలు ఆడేవారు. పక్కనున్న అంగడివీధి నుండి కసాయివాళ్లు మొదలైనవారు సారాయి కొట్టుకు వచ్చినట్లు లోపలికి వచ్చి ఆటలలో చేరేవారు. సోమవారం రాత్రి ద్రాక్షసారా గోష్ఠి, గురువారం రాత్రి బీరు గోష్ఠి, ఒక్కొక్కటి అర్ధరాత్రి దాటేదాకా సాగేవి. నేడు గౌరవనీయమైన క్రీడగా చలామణి అయ్యే రాకెట్స్ ఆట పెరిగినది ఈ ఋణగ్రస్తుల జైళ్ల గోడల వద్దనే. ఇంతవరకు చదివినవారికి అది చెరసాలా, విడిది ఇల్లా అనే సందేహం కలుగవచ్చును. కాని అదే గ్రంథం మరొక ఆచారాన్ని కూడా చెపుతున్నది: కొత్తగా వచ్చిన ఖైదీ తోటి ఖైదీలకు ప్రవేశపు మామూలు చెల్లించాలి, చెల్లించలేకపోతే ఒంటిమీది బట్ట ఊడదీసికొనేవారు. ఆ బట్టతో కొన్న సారాయి కూడా వినోదం లెక్కలోనిదే. ఒకని తీరికకు మరొకని చలి మూల్యమన్నమాట.

ఈ చట్టమే, ఈ ఆచారమే ఓడనెక్కి బంగాళానికి వచ్చినది. 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టం ప్రకారం కలకత్తాలో సుప్రీం కోర్టు 1774లో నెలకొన్నది. అప్పు తీర్చనివానిని పట్టి జైలులో పెట్టే ఇంగ్లీషు పద్ధతి దానితోపాటు వచ్చినది. బాకీ ఉన్నాడని ఎవడైనా ప్రమాణం చేస్తే చాలు, విచారణకు ముందే మనిషిని పట్టి తేవటానికి వారంటు పుట్టేది. ఈ భయం కలకత్తాకే పరిమితం కాలేదు. 1779లో మిదునాపురపు సీమలోని కాశీజోడా రాజు సుందరనారాయణుడు సుప్రీం కోర్టు మనుషులకు చిక్కకుండా తప్పించుకొని తిరుగవలసివచ్చినది. పట్టుకొనవచ్చిన షెరిఫ్ బలగాన్ని కంపెనీ సైన్యమే వెళ్లి నిర్బంధించినది. కోర్టుకూ కంపెనీకీ నడుమ ఇంత రభస జరుగుటకు మూలం ఒక చెరసాల తలుపు.

ఆ తలుపు లోపల ఏమున్నది? కలకత్తాలో కంపెనీ పబ్లిక్ వర్క్స్ అధికారి ఒకడు, సుప్రీం కోర్టు తీర్పు చేత తానే ఆ జైలును అనుభవించి, తరువాత బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట దాని తీరు వివరించినాడు. అది శిథిలమైన పాత ఇల్లు. గాలి వచ్చే కిటికీలు కొద్ది, ఉన్నవీ చిన్నవి. తెల్లవారూ నల్లవారూ కలిసి 170 మందికి పైగా ఉన్నారని జైలరు ఆయనకు చెప్పినాడు. ప్రభుత్వం తిండి పెట్టదు. తినటానికి లేక ఎందరో చనిపోయినారట. ఆవరణ మధ్య ఒక చెరువు. అందరూ అందులోనే స్నానం చేసేవారు, అందులోనే బట్టలుతికేవారు. దాని దుర్గంధం భరింపరానిది. చేతిలో డబ్బున్న యూరోపియనులు జైలరు అనుమతితో ఆ చెరువు సమీపాన వెదురుతో, చాపలతో చిన్న గుడిసెలు వేసికొని అక్కడ కాలం గడిపేవారు. తక్కినవారికి ఆ గాలిలేని గదులే గతి.

కనుక ఫ్లీట్ జైలులో ధనం చేసిన విభజనకు కలకత్తాలో జాతి కూడా తోడైనది. ఈ జైలులోనికి కొద్ది సంవత్సరాల వ్యవధిలో వెళ్లిన ముగ్గురు రకాల మనుషులను పక్కపక్కన నిలబెట్టి చూద్దాము.

మొదటివాడు మహారాజా నందకుమారుడు. వారెన్ హేస్టింగ్స్ లంచం తీసుకొన్నాడని ఆరోపించిన ఈ వృద్ధ బ్రాహ్మణుని మీద కూటపత్రం సృష్టించినాడనే నేరం మోపి 1775 మే 6వ తేదీన జైలుకు పంపినారు. అక్కడ ఆయనకు ఎదురైన మొదటి సమస్య న్యాయశాస్త్రానిది కాదు, వంటయింటిది. అన్యమతస్థులు ఉన్న కప్పు కింద స్నానసంధ్యలు తీర్చుకొని భోజనం చేయటం ఆయనకు కుదరదు. దినాలు గడచినవి, అన్నం ముట్టలేదు. ప్రధాన న్యాయమూర్తి ఇంపీ పండితులను పిలిపించి అడిగించినాడు. అటువంటి చోట భోజనం చేస్తే ప్రాయశ్చిత్తం అవసరమే కాని కులం చెడదని వారు చెప్పినారు. చివరకు జైలు ఆవరణలో కట్టడానికి వెలుపల ఆయనకొక గుడారం వేయించినారు. ఇంగ్లీషు చట్టం తెచ్చిన చెరసాలకు హిందూ దేశపు దినచర్య అడ్డుపడిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి. స్నానం, జపం, స్వయంపాకం, ఈ మూడూ ఆయనకు పొద్దుపుచ్చే పనులు కావు. తాను ఇంకా తానేనని నిరూపించుకొనే పనులు.

ఆయన చెరలోని చివరి సాయంకాలాన్ని షెరిఫ్ మక్రాబీ వ్రాసి పెట్టినాడు. ఉరి 1775 ఆగస్టు 5న. ముందు రాత్రి షెరిఫ్ చూడబోయేసరికి నందకుమారుడు లేచి మామూలు మర్యాదలతో పలకరించినాడు. మిత్రులకు నమస్కారాలు చెప్పమన్నాడు. కొడుకును కనిపెట్టి ఉండమని కోరినాడు. స్థైర్యంలో తానే ఆ ఖైదీకి తీసికట్టుగా తోచినానని షెరిఫ్ ఒప్పుకొన్నాడు. మిత్రులు వెళ్లిపోయిన తరువాత ఆయన కూర్చొని ఎప్పటివలె లెక్కలు చూచుకొంటూ, చీటీలు వ్రాసుకొంటూ గడిపినాడని జైలరు చెప్పినాడట. ఉరికి ముందు రాత్రి లెక్కలు చూచుకోవటం! దీనిని ఉదాసీనత అందామా, అభ్యాసం అందామా? గడువు పరుల చేతిలో ఉన్నా ఆ గడువులోని గంటలు తనవేనని ఆయన భావించి ఉండాలి. మరి ఈ సాయంకాలం మనకు తెలిసినది ఎట్లా? చూడవచ్చిన ఆంగ్లేయుడు కలం పట్టినందువలన.

రెండవవారు పాట్నా ముఫ్తీలు. ఒక వారసత్వపు తగవులో రాష్ట్ర మండలి అప్పగించిన విచారణను జరిపిన నేరానికి పాట్నా ఖాజీ మీద, ఇద్దరు ముఫ్తీల మీద సుప్రీం కోర్టు 1779లో మూడు లక్షల రూపాయల నష్టపరిహారం విధించినది. తమ ఉద్యోగధర్మం తాము చేసినందుకు వచ్చిన శిక్ష ఇది. అంత ధనం వారి వద్ద ఎక్కడిది? అందరినీ కలకత్తాకు తరలించినారు. ముసలివాడైన ఖాజీ దారిలోనే కన్నుమూసినాడు. ముఫ్తీలు కలకత్తా జైలు చేరి, 1781లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి విడిపించేవరకు అక్కడనే ఉన్నారు. పాట్నా నుండి వచ్చిన ఇద్దరు ధర్మశాస్త్రవేత్తలు ఆ చెరువు గల చెరసాలలో సంవత్సరాలు గడిపినారు. రోజుకు ఐదు నమాజులు అనే కాలవిభాగం ఎట్లాగూ వారితో ఉన్నదే. గంట కొట్టే గోపురం లేని జైలులో దానిని మించిన గడియారం ఉండదు. చట్టసభల చర్చలలో వారి పేరు వందలసార్లు వినబడినది. న్యాయమీమాంసకు వారు ఉదాహరణ అయినారు. కాని ఆ చర్చలలో వారు ఏమి తిన్నారని ఎవ్వరూ అడగలేదు.

మూడవవాడు జేమ్స్ ఆగస్టస్ హిక్కీ. ఐర్లండువాడు. ఓడ మీద వైద్యుని సహాయకుడుగా వచ్చి, వర్తకంలో దిగి, సరుకు చెడి, అప్పులపాలై 1776లో కలకత్తా జైలుకు పోయినాడు. ఆయన పక్షాన వాదించిన న్యాయవాది పేరు కూడా కాకతాళీయంగా హిక్కీయే, విలియం హిక్కీ. ఈ న్యాయవాది తన స్మృతులలో చెప్పినదాని ప్రకారం, జైలులో ఉండగా మన హిక్కీ చేతికి అచ్చుపనిని గురించిన ఒక పుస్తకం చిక్కినది. దానిని చదివి, స్వయంగా మొరటు అక్షరాలు చెక్కి, కరపత్రాలూ ప్రకటనలూ అచ్చువేయటానికి పూనుకొన్నాడు. జైలులోనే పని ఆరంభించి, విడుదలైన తరువాత 1780 జనవరి 29న ‘బెంగాల్ గెజెట్’ అనే వారపత్రికను వెలువరించినాడు. భారతదేశంలో అచ్చయిన మొట్టమొదటి వార్తాపత్రిక ఇదే. మన దేశపు పత్రికాప్రపంచానికి పురిటిగది ఒక ఋణగ్రస్తుని ఖైదు అని చెప్పినా అతిశయోక్తి కాదు.

కథ అక్కడితో ఆగలేదు. హేస్టింగ్సునూ, మిషనరీ కీర్నాండరునూ దూషించినాడనే నేరం మీద 1781 జూనులో హిక్కీ మళ్లీ జైలుకు పోయినాడు. అయినా పత్రిక ఆగలేదు. లోపలినుండి వ్రాసి పంపేవాడు, వెలుపల అచ్చయ్యేది. తొమ్మిది నెలల పాటు గవర్నర్ జనరలును విమర్శించే పత్రిక గవర్నర్ జనరలు జైలులోనుండే నడిచినది. చివరకు 1782 మార్చిలో అచ్చు అక్షరాలను జప్తు చేసి దానిని మూయించినారు. ఇందులో గమనింపదగినదేమంటే, మనిషిని బంధించితే చాలునని అధికారులు మొదట అనుకొన్నారు; మనిషికన్న అక్షరాన్ని బంధించటమే పని అని తొమ్మిది నెలలకు తెలిసికొన్నారు. ఖైదీ తీరికను అదుపు చేయాలనే ఆలోచన ఆనాటి చెరసాలకు ఇంకా పట్టుబడలేదు.

ముగ్గురిదీ ఇంచుమించు ఒకే కాలం, ఒకే నగరం, ఒకే చట్టం. కాని హిక్కీ తీరిక పత్రిక అయినది. నందకుమారుని తీరిక ఒక షెరిఫ్ వ్రాతలో చిక్కినది. ముఫ్తీల తీరిక గాలిలో కలిసినది. హిక్కీ ప్రతిభను తక్కువచేయటం మన ఉద్దేశం కాదు. కాని ఆయనకు పుస్తకం తెచ్చి ఇచ్చేవారున్నారు, వాదించటానికి న్యాయవాది ఉన్నాడు, వ్రాసినది చదివే భాష ఆ ఊరి పాలకుల భాష. తీరిక అందరికీ ఉన్నది. దానిని మిగిల్చే సాధనం మాత్రం కొందరికే ఉన్నది.

ఈ సంగతి తెలుగువారికి కొత్త కాదు. గోలకొండ చెరలో పన్నెండేండ్లు ఉన్నాడని చెప్పుకొనే కంచెర్ల గోపన్నను తలచుకొనండి. ఆయన పదిహేడవ శతాబ్దివాడు. కోటలో ఆయన చెర అని నేటికీ చూపే గదిలో గోడమీది మూర్తులను ఆయనే చెక్కినాడని ప్రతీతి. ఆయన బంధువులెవరో, ఏ అధికారి బేడీలు వేసినాడో తెలియనివారికి కూడా ఆయన పాటలు తెలుసును. ఆయనను చెరలో పెట్టిన తానీషా 1687లో తన రాజ్యం కోల్పోయి, దౌలతాబాదు కోటలో బందీగా బ్రతికి, అక్కడనే కన్నుమూసినాడు. ఖైదీ పాట ఊరూరా తిరిగినది. ఖైదు చేసినవాడు తానే ఖైదీ అయి, ఖైదీ కథలో ఒక పాత్రగా మిగిలినాడు. గోపన్నకు అచ్చుయంత్రం లేదు, న్యాయవాది లేడు. అయితే ఆయన పాటను మోసికొనిపోవటానికి భజన కూటములు ఉన్నవి. సాధనం అంటే కాగితమే కానక్కరలేదు. వినే జనం ఉండాలి.

వినే జనం లేనివారి సంగతి ఏమిటి? హిక్కీ పత్రిక మొదలైన 1780లోనే, సెప్టెంబరు 10న, పొల్లిలూరు వద్ద హైదరు, టిప్పుల సైన్యం కర్నల్ బెయిలీ దండును చిత్తు చేసినది. ఆ దండు గుంటూరు సీమ నుండి బయలుదేరినది. మద్రాసు పటాలాలలో తెలుగు సిపాయిలు విరివిగా ఉండే కాలమది. దండులో అత్యధికులు సిపాయిలే. చేత చిక్కినవారిలో ఇంగ్లీషు అధికారులను శ్రీరంగపట్నంలో సంకెళ్లతో ఉంచినారు. మాస్సీ అనే అధికారి వేలెడేసి కాగితపు ముక్కలమీద చీమకాళ్లవంటి అక్షరాలతో దినచర్య వ్రాసి దాచుకొన్నాడు. 1784లో మంగుళూరు సంధితో విడుదలైన అధికారుల చెరకథలు ఇంగ్లండులో పుస్తకాలై, జనం వాటిని విరగబడి చదివినారు. గుంటూరు నుండి నడచిపోయిన సిపాయి చెరకథ ఏ దుకాణానికీ రాలేదు. సంకెల బరువు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

పందొమ్మిదవ శతాబ్దం ఈ పాత చెరసాలను తప్పుపట్టినది, తప్పుపట్టటం న్యాయమే. మురికి, లంచం, ఆకలి, ఇవి సమర్థింపదగినవి కావు. హోవర్డ్ వంటి దయామయుల కృషివలన నీళ్లూ గాలీ వచ్చినవి. కాని సంస్కర్తలు మురికితోపాటు తీరికను కూడా ఊడ్చివేసినారు. మెకాలే చొరవతో ఏర్పడిన భారత జైళ్ల సంఘం 1838లో ఇచ్చిన నివేదిక, ఖైదీలు రోజుభత్యంతో దినుసులు కొనుక్కొని ఎవరి వంట వారు చేసికొనే పద్ధతిని విలాసంగా చూచినది. విసుగు పుట్టించే చాకిరీని మందుగా చెప్పినది. 1840ల నుండి జైళ్లలో ఉమ్మడి వంట ప్రవేశపెట్టినప్పుడు బీహారు జైళ్లలో అల్లర్లు చెలరేగినవి. 1855లో ఆరా, ముజఫర్‌పూరు జైళ్లలో ఖైదీల ఇత్తడి చెంబులు లాగుకొని మట్టిపాత్రలు ఇవ్వబోయినారు. ముజఫర్‌పూరులో చుట్టుపక్కల రైతులు కూడా జైలు ముందు గుమిగూడినారు. చివరకు చెంబులు తిరిగి ఇవ్వక తప్పలేదు. ఒక ఇత్తడి చెంబు కోసం అంత గొడవ ఎందుకని ఆనాటి అధికారులు విస్తుపోయినారు. నందకుమారుని గుడారం గుర్తుంచుకొన్నవారికి ఆ ప్రశ్న పుట్టదు. నీళ్లు తాగే పాత్ర మీదా, అన్నం వండుకొనే గంట మీదా అధికారం పోవటమే వారికి నిజమైన చెరగా తోచినది.

అందువలన చెరలో తీరిక అంటే ఖాళీగా ఉన్న కాలం కాదు. కాలంమీద ఖైదీకి మిగిలిన అధికారం. పదునెనిమిదవ శతాబ్దం దానిని దయతో ఇవ్వలేదు, అలక్ష్యంతో వదలిపెట్టినది. తరువాతి శతాబ్దం ఆ అలక్ష్యాన్ని సరిదిద్ది, దానితోపాటు ఆ అధికారాన్నీ తీసికొన్నది. ఇరవయ్యవ శతాబ్దపు రాజకీయ ఖైదీలు పోరాడి దానిలో కొంత తిరిగి సంపాదించినారు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని 1922లో వెల్లూరు జైలులో వ్రాసినాడు. ఇప్పటి జార్ఖండులోని హజారీబాగు జైలులో 1942లో రాహుల్ సాంకృత్యాయనుడు ‘ఓల్గా నుంచి గంగకు’ కథలు వ్రాసినాడు. అదే సంవత్సరం నవంబరులో అదే జైలులో ఖైదీలు దీపావళి పండుగ జరుపుకొంటూ కావలివారి దృష్టి మరల్చగా, జయప్రకాశ్ నారాయణ్ అయిదుగురు సహచరులతో గోడ దాటినాడు. పండుగకూ పలాయనానికీ నడుమ ఉన్నది ఒక గోడ మాత్రమేనని ఆ రాత్రి తేలినది.

కలకత్తా మైదానంలో పాత ప్రెసిడెన్సీ జైలు ఉండిన చోట 1921 నుండి విక్టోరియా మెమోరియల్ పాలరాతి గోపురం నిలిచి ఉన్నది. సాయంకాలం జనం ఆ తోటలో తీరికగా తిరుగుతారు. మరొక దిక్కున, ఘాట్‌శిలా పక్కగా సువర్ణరేఖ పారుతున్నది. కంపెనీవారు గద్దె ఎక్కించిన జగన్నాథ ధల్ కొద్దికాలానికే వారిమీద తిరుగబడి, ఏండ్ల తరబడి వారిని నిద్రపోనీయలేదు. చివరకు 1777లో వారే అతనిని మళ్లీ రాజుగా ఒప్పుకొనవలసివచ్చినది. ఆ కథకు గెలుపోటములు ఉన్నవి గనుక చరిత్ర దానిని దాచినది. మిదునాపురానికి ఖైదీగా నడచిన ముసలిరాజు కూడా ఉదయాన లేచి ఉంటాడు. తూర్పుకు తిరిగి దండం పెట్టుకొని ఉంటాడు. తాను కాల్చివేసిన కోటను తలచుకొని ఉంటాడు. చెరసాలల చరిత్ర వ్రాసేవారు తేదీలతోపాటు ఆ ఉదయాలను కూడా లెక్కలో వేసికొనాలి. వ్రాసినవారి దినాలు మాత్రమే దినాలని అనుకొంటే, వ్రాయలేని ఖైదీకి మనం రెండవసారి చెర విధించినవారమవుతాము.